సాత్తూరులో సున్నా

బస్సు సాత్తూరులో ఆగగానే కారం చల్లిన దోసకాయ ముక్కల వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. అందరికీ నోరు ఊరుతుంది. నాకు మాత్రం సున్నా గుర్తొస్తుంది. ఆ సున్నాను అక్కడ పెట్టింది రంగనాయకి టీచర్, ఆరో తరగతిలో మాకు లెక్కలు చెప్పినావిడ.

మాది కోవిల్‌పట్టి పక్కన పల్లె. ఆ ఏడే నన్ను విరుదునగర్‌లో అత్త ఇంట్లో ఉంచి అక్కడి బళ్ళో చేర్చారు. శుక్రవారం సాయంత్రం ఇంటికి, ఆదివారం మళ్ళీ వెనక్కి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను రెండింట్లోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. తరగతిలో ఏం అడిగినా తల ఊపేదాన్ని. లెక్కల్లో తల ఊపితే సరిపోదని టీచర్ ఎన్నోసార్లు చెప్పారు; దానికీ తల ఊపాను.

ఒకరోజు ఆవిడ బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశారు. "ఇది మన బస్సు రోడ్డు. నడుమ సాత్తూరు, అది సున్నా. విరుదునగర్ వైపు ప్లస్. కోవిల్‌పట్టి వైపు మైనస్." తరగతిలో కోవిల్‌పట్టి వైపు పిల్లను నేనొక్కదాన్నే. తలలన్నీ నావైపు తిరిగాయి. ముందు బెంచీ సెల్వి పెద్ద గొంతున్న పిల్ల. సాయంత్రానికల్లా నాకు మైనస్ అని పేరు పెట్టేసింది. "మైనస్ వస్తోంది, జరగండి." "దాని పక్కన డబ్బా తెరవకండి, ఉన్న ఇడ్లీలు తగ్గిపోతాయి!"

ఆ శుక్రవారం బస్సెక్కుతూ తీర్మానించుకున్నాను: నాన్నకు చెప్పి ఈ బడి మానేస్తాను. ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ ఉంటే, టీచర్ వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు. ఆవిడదీ కోవిల్‌పట్టేనని నాకప్పటిదాకా తెలియదు. ఆవిడ వెనకే ఎక్కిన, కోవిల్‌పట్టి అవతలి ఎట్టయాపురం తాత ఒకాయన పత్తిగింజల మూట దించబోయి ఆవిడ పాదం మీద వేశాడు.

"సచ్చినేనే!" అన్నారు టీచర్, తెలుగులో.

తాత మొహం వెలిగిపోయింది. "అయ్యో, మనోళ్ళా! ముందే తెలిసుంటే మెల్లంగా ఏసుందునే!"

నాకు నవ్వాగలేదు. టీచర్ నావైపు తిరిగారు. "నవ్వొస్తాదే నీకు! అయితే మాటా వస్తాది. ఏం పాపా, వారమంతా ఎందుకట్ల మొగం పెట్టుకోనుండావు?"

తమిళంలో అడిగి ఉంటే తల ఊపేదాన్నే. ఇంటి మాటలో అడిగేసరికి నోరు తెరుచుకుంది. "మన ఊరిని మైనస్‌లో పెట్టినారే టీచర్! అందరూ నన్ను మైనస్ అంటుండారు. నేనింక బడికి రాను."

ఆవిడ జవాబు చెప్పేలోపే తాత మూట మీదుగా వంగాడు. "మైనస్సంటే ఏంది?"

"సున్నాకి కింద, తాతా," అన్నాను.

"మా పక్కంతా సున్నాకి కిందనా? ఎవురు పెట్టింది అట్ల?"

"నేనే, తాతా," అన్నారు టీచర్, పాదం రుద్దుకుంటూ.

"అయితే మూట సరిగానే పడుండాది!"

టీచర్ చాలాసేపు నవ్వారు. తర్వాత నాతో అన్నారు: "సాత్తూరు పుట్టినప్పుడే సున్నా కాదు పాపా. గీతకి నడుమ వస్తాదని నేను పెట్టినాను. సోమవారం నువ్వొచ్చి పెట్టు, నీకెక్కడ కావల్నో అక్కడ. రాకుంటే నా గీతే ఉంటాది."

ఇంట్లో బడి మానేసే మాట ఎత్తలేదు. సోమవారం సుద్దముక్క నా చేతికొచ్చింది. సున్నాను కోవిల్‌పట్టిలో పెడతానని అందరూ అనుకున్నారు, టీచర్ కూడా. నేను గీతను విరుదునగర్ దాటించి, ఇంకా పైకి పొడిగించి, మదురైలో పెట్టాను. వెనక్కి తిరిగి, ఆ గదిలో మొదటిసారి అందరికీ వినపడేలా అన్నాను: "ఇప్పుడు అందరం మైనస్."

ఒకటే గోల. సెల్వి లేచి నిలబడింది. "అయినా అదే ఎక్కువ మైనస్, టీచర్! దాని ఊరే దూరం!"

"ఎక్కువ మైనస్ అంటే పెద్దదా, చిన్నదా?" అన్నారు టీచర్ వెంటనే. సెల్వి "పెద్దది" అంది, ఆ వెంటనే "కాదు, చిన్నది" అంది. మా పోట్లాట కాస్తా తర్వాతి పాఠమైపోయింది. దాని మీద బోలెడంత హోంవర్క్ కూడా పడింది. అందుకు తరగతంతా నన్ను తిట్టింది, కానీ నా అసలు పేరుతో తిట్టింది.

ఇప్పుడు విరుదునగర్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. మాట ఇంకా తక్కువే. నువ్వు వెనకబడ్డావని ఎవరైనా అంటే తల ఊపుతాను. ఊపుతూనే, వీళ్ళు సున్నా ఎక్కడ పెట్టారా అని వెతుకుతాను. చాలాసార్లు అది నేనే పెట్టుకున్నదై ఉంటుంది. అప్పుడు దాన్ని జరపడానికి లేచి బోర్డు దాకా నడవాలి. నడుస్తాను.