స్వర్ణకు వచ్చింది టైఫాయిడ్ కాదు

2004 ఎండాకాలం. ఖమ్మంలో ఒక మానసిక వైద్యుడి నర్సింగ్ హోంలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటోలో డ్యూటీకి వచ్చేదాన్ని. ఆటోవాళ్లకు మా ఆస్పత్రి పేరు చెబితే అర్థమయ్యేది కాదు. 'పిచ్చి దవాఖానా' అంటే మాత్రం వెంటనే తెలిసేది. ఆ మాట నేను ఎన్నడూ అనలేదు. పేరే చెప్పి, తెలియకపోతే దారి చూపించి, సరిగ్గా గేటు ముందే దిగేదాన్ని.

పాల్వంచ కంపెనీ కాలనీల నుంచి, తిరుమలాయపాలెం పల్లెల నుంచి, భద్రాచలం అవతలి అడవి ఊళ్ల నుంచి మా దగ్గరికి జనం వచ్చేవారు. చాలామంది అన్ని దారులూ తిరిగి తిరిగి, చివరికి మా మెట్లెక్కేవారు. రోగిని ఎలా చూసుకోవాలో నర్సింగ్ చదువులో మాకు నేర్పారు. ఆ రోగిని ఇంటికి తీసుకెళ్లి ఏళ్ల తరబడి పెంచాల్సిన తల్లిదండ్రులను ఎవరు చూసుకోవాలో మాత్రం నేర్పలేదు. ఆ పాఠం నాకు సరోజ అనే తల్లి దగ్గర దొరికింది.

ఒక మధ్యాహ్నం గేటు ముందు జీపు ఆగింది. అందులోంచి పదిహేనేళ్ల అమ్మాయిని ఇద్దరు మగవాళ్లు పట్టుకుని దించారు. ఆమె రెండు చేతులూ చున్నీతో కట్టేసి ఉన్నాయి. గొంతు బొంగురుపోయినా మాటలు ఆగడం లేదు. దసరా లోపల కాలనీలో అందరికీ ఇంగ్లీషు నేర్పిస్తానంటోంది, తన పేరు మీద బడి కడతారంటోంది, నన్ను చూసి నువ్వు కూడా అందులో టీచరువే అంటోంది. ఆ అమ్మాయే స్వర్ణ. వెనక దిగిన తల్లి సరోజ, కూతుర్ని లోపలికి నడిపించబోతున్న వాళ్లకు అడ్డంగా నిలబడింది.

"ముందుగాల ఆ చేతులు ఇప్పుండ్రి. నా బిడ్డ కట్లతోని లోపలికి పోదు," అంది.

కట్టించింది ఆమె బావగారు, భర్తకు అన్న, రాఘవులు. దారిలో దూకితే ఎవరిది పూచీ అని ఆయన కోపం చేశాడు. సరోజ గేటు దగ్గరే కూతురి ముందు నిలబడి, పళ్లతో ముడి విప్పింది. స్వర్ణ దూకలేదు, పారిపోలేదు. తల్లి భుజం మీద చెయ్యి వేసి, మాట్లాడుతూనే లోపలికి నడిచింది.

తండ్రి భిక్షం పాల్వంచలో బొగ్గుతో కరెంటు తీసే కంపెనీలో కార్మికుడు. షిఫ్టు నుంచి అలాగే వచ్చినట్టున్నాడు, చొక్కా మీద బొగ్గు మరకలు ఉన్నాయి. అడిగినవాటికి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కొన్నాళ్లుగా బిడ్డకు నిద్ర లేదట. తల్లి చీరలన్నీ తీసి కాలనీలో పంచిపెట్టిందట. ఆ పొద్దున మండుటెండలో చెప్పులు లేకుండా కిన్నెరసాని దారిలో నడిచిపోతుంటే తెలిసినవాళ్లు పట్టుకొచ్చారట. అంతకుముందు ఎప్పుడైనా తేడా కనిపించిందా అని డాక్టరు గారు అడిగారు. భిక్షం లేదన్నాడు. సరోజ మాత్రం నిరుడు వానాకాలంలో వారాల తరబడి గోడ వైపు తిరిగి పడుకుందని, తిండి మానేసిందని చెప్పింది. పరీక్షల భయం అనుకున్నారట. బద్ధకమని తిట్టారట కూడా.

డాక్టరు గారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఇది బైపోలార్ డిజార్డర్. ఒకే జబ్బుకు రెండు కొసలు. మనసు, ఒళ్లు పట్టపగ్గాల్లేకుండా పరుగెత్తే దశను మేనియా అంటారు. గోడ వైపు తిరిగి పడుకున్నది రెండో కొస, డిప్రెషన్. ఆ రెండు కొసల మధ్య మనిషిని నిలకడగా ఉంచే మందును మూడ్ స్టెబిలైజర్ అంటారు. గాలి సోకడం కాదు, పెంపకంలో లోపం కాదు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను గానీ, అదుపులో పెట్టుకుని చదువుకోవచ్చు, బతకవచ్చు అన్నారు.

స్వర్ణను వార్డులో చేర్చాం. మందులతో నిద్ర పట్టి, మాటల వేగం మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆ రోజుల్లోనే రాఘవులు మళ్లీ వచ్చాడు. దవాఖానాల వెంట తిరిగితే పిల్ల పేరు పాడవుతుందని, తన బావమరిది కొడుకు ఉన్నాడని, శ్రావణంలో పెళ్లి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయని తమ్ముడికి నచ్చజెప్పాడు. భిక్షం తల వంచుకుని వింటున్నాడు. పక్క మంచం దగ్గర నేను సెలైన్ మారుస్తున్నాను.

సరోజ లేచి నిలబడింది. "జెరమొచ్చినోళ్లకు పెండ్లి జేస్తరా బావా? నా బిడ్డకు ముందుగాల ఒళ్లు బాగుగావాలె, తర్వాత సదువు గావాలె. పెండ్లి దాని ఇష్టం, మన ఇష్టం గాదు."

రాఘవులు ఆ తర్వాత ఆస్పత్రికి రాలేదు. భిక్షం అన్నకు ఎదురు చెప్పలేదు, భార్యనూ కాదనలేదు. కాలనీలో, కంపెనీలో మాత్రం బిడ్డకు టైఫాయిడ్ అని చెప్పుకొచ్చాడు. ఆ సంగతి సరోజే నాకు చెప్పింది. "ఆయనకు సిగ్గు, నాకు లేదు," అంది. అందిగానీ, సాయంత్రాలు వార్డు బయట మెట్ల మీద ఒక్కతే కూర్చునేది. ఎవరైనా పలకరిస్తే కొంగుతో ముఖం తుడుచుకుని లేచేది.

ఆ మెట్ల మీదే ఆమెకు జోగమ్మ కలిసింది. చర్ల వైపు అడవి ఊరామె. ఇంట్లో కోయ మాట్లాడతారు, తెలుగు ఆచితూచి మాట్లాడేది. ఇరవై దాటిన కొడుక్కు ఇదే జబ్బు. నెలనెలా బస్సులు మారి మందులకు వచ్చేది. జోగమ్మ సరోజ పక్కన కూర్చుని, నీ వాళ్లెక్కడ అని అడిగింది. ఎవరూ రాలేదని సరోజ చెప్పింది. జోగమ్మకు అది అర్థం కాలేదు.

"మా వాడికి వస్తే ఊరంత వచ్చి మా వాకిట్ల కూసుంటరు. వేల్పుకు మొక్కుతం, గోలీ గూడ ఏస్తం. నువ్వు ఒక్కదానివే ఎట్ల కూసుంటవ్ బిడ్డా?"

నేను ఆ మాట విని డాక్టరు గారి గదికి వెళ్లాను. వారంలో ఒకరోజు ఓపీ, అంటే బయటి రోగులను చూడటం, అయిపోయాక వెనక షెడ్డులో తల్లిదండ్రులను ఒకచోట కూర్చోబెట్టవచ్చా అని అడిగాను. అప్పటికి మా దగ్గర అలాంటిది లేదు. వాళ్లు ఒకరి భయం ఒకరికి అంటిస్తారేమో అని ఆయన సందేహించారు. ఇప్పుడు ఎవరి భయంతో వాళ్లు ఒంటరిగా ఉన్నారు సార్, దానికంటే నయం కదా అన్నాను. సరే అన్నారు.

గురువారం గురువారం చాప పరిచేవాళ్లం. నేను చెప్పేది కొంచెమే. స్వర్ణ వాడుతున్న మూడ్ స్టెబిలైజర్ లిథియం అనేది ఒక రకం ఉప్పు అని, రక్తంలో ఎంత ఉందో పరీక్ష చేయిస్తూ ఉండాలని, మన ఎండల్లో నీళ్లు తక్కువ తాగినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా అది రక్తంలో పెరిగి ప్రమాదమని, అప్పుడు ఆగకుండా మా దగ్గరికి రావాలని చెప్పేదాన్ని. మిగతాదంతా వాళ్లే చెప్పుకునేవారు. జబ్బు తిరగబెట్టేముందు ఎలా తెలుస్తుందని ఒకరు అడిగితే, మా వాడు పొద్దుగూకినా అలసిపోడు, అప్పుడే తెలుస్తుందని జోగమ్మ చెప్పింది. చుట్టాలు అన్న మాటలు చెప్పుకుని తిట్టుకునేవారు. నవ్వుకునేవారు కూడా. భిక్షం మాత్రం షెడ్డు బయటే, బస్సు టైమైందని చూస్తూ నిలబడేవాడు.

జూన్‌లో బడి తెరిచేసరికి స్వర్ణ డిశ్చార్జయి ఇంటికి వెళ్లింది. ఇక పదో తరగతిలో చేరాలి. బడి కరస్పాండెంటు, అంటే ప్రైవేటు బడి నడిపే ఆయన, టీసీ తీసుకుపొమ్మని కబురు పెట్టాడు. సరోజ ఫోన్ చేస్తే నా వీక్లీ ఆఫ్ రోజున పాల్వంచ వెళ్లాను. ఆయన చెడ్డవాడేం కాదు. మిగతా తల్లిదండ్రులు అడుగుతున్నారని, ఏదైనా అయితే ఎవరు చూసుకుంటారని అన్నాడు. డాక్టరు గారి సర్టిఫికెట్ చూపించి, పిల్ల చదువుకోగలదని, కావాలంటే టీచర్లతో మాట్లాడతానని చెప్పాను. ఆయన కాగితం పక్కన పెట్టి, ఇది బడి గానీ ఆస్పత్రి కాదు కదా అన్నాడు.

"ఏదన్న అయితే ఎవరు చూసుకుంటరు అంటున్నరు గద సార్," అంది సరోజ. "నేను చూసుకుంట. రేపటి సంది మీ వరండల కూసుంట. బడి ఇడిశిపెట్టే దాక ఉంట. మీరు టీసీ రాసినా కూసుంట."

బెదిరింపు అనుకున్నాడేమో, ఆయన నవ్వాడు. మర్నాడు ఆమె నిజంగానే వెళ్లింది. చుట్టుపక్కలవాళ్ల జాకెట్లకు హుక్కులు కుట్టే పని ఆమెది. ఆ సంచి పట్టుకుని వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. పంపించబోతే లేవలేదు. గొడవ చేస్తే బయటికి లాగేసేవాళ్లేమో, కానీ ఆమె గొంతు పెంచలేదు. స్వర్ణ సిగ్గుతో చచ్చిపోయి ఇంటికి పొమ్మని బతిమాలిందట. నువ్వు లోపల సదువు, నేను బయట కుడత అని తల్లి చెప్పిందట. కొన్నాళ్లకు గుండీలు ఊడిన చిన్నపిల్లలు ఆమె దగ్గరికి పరుగెత్తుకు రావడం మొదలుపెట్టారు. వానలు పట్టాక జల్లు మీద పడుతోందని కరస్పాండెంటే ఆమెకు లోపలివైపు కుర్చీ వేయించాడు. టీసీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అంతటితో కథ సుఖాంతమైందని రాయవచ్చు. కానీ ఈ జబ్బు అంత సులువుగా వదలదు. దసరా తర్వాత స్వర్ణ మాత్రలు మింగినట్టు నటించి ఉమ్మేయడం మొదలుపెట్టింది. చీకటితోనే లేచి ఇల్లంతా సర్దడం చూసి సరోజ పసిగట్టి, ఆలస్యం చేయకుండా తీసుకొచ్చింది. ఈసారి కట్లు లేవు, జీపు లేదు. తల్లీకూతుళ్లు బస్సులోనే వచ్చారు. మళ్లీ చేర్చాం. కొంచెం నెమ్మదించాక, ఎందుకు మానేశావని అడిగాను. చేతులు వణుకుతున్నాయని, లావవుతున్నానని చెప్పింది. అవి నేను ఊహించినవే. తర్వాత చెప్పింది ఊహించలేదు.

"ఎండాకాలం గట్ల అయినప్పుడు నాకు దేనికీ భయం లేకుండె సిస్టర్. ఇప్పుడు నేను నవ్వినా అమ్మ నా కండ్లల్లకు చూస్తది. రాత్రి నిద్ర వోయినవా అంటది. పాట వాడినా అంటది. నా సంతోషం గూడ జబ్బేనా?"

సరోజ అక్కడే ఉంది. ఎవరికీ తలవంచని ఆ మనిషి కూతురి ప్రశ్న ముందు తలవంచుకుంది. తర్వాత నిజం ఒప్పుకుంది. "అవ్ బిడ్డా. నువ్వు నవ్వితే నాకు గుండె జారుతది. ఏది నీ నవ్వో, ఏది జబ్బు నవ్వో నాకు తెలుస్తలేదు."

ఆ గదిలోనే ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. నేను మధ్యన కూర్చున్నాను, అంతే. మాత్ర స్వర్ణ తన చేత్తో తనే వేసుకుంటుంది, నోరు తెరిచి చూపించమని ఎవరూ అడగకూడదు. వణుకు సంగతి దాచకుండా డాక్టరుకు తనే చెప్పాలి. నిద్ర తగ్గితే మాత్రం తల్లి అడగవచ్చు, అప్పుడు కసురుకోకూడదు. నవ్వితే, పాడితే, కొత్త బట్టలు కావాలంటే ఎవరూ నిద్ర ఊసు ఎత్తకూడదు. డాక్టరు గారు మోతాదు సవరించారు. వణుకు చాలావరకు తగ్గింది. మరుసటి వేసవిలో స్వర్ణ పది పాసైంది. పెద్ద మార్కులేం రాలేదు. తర్వాత కూడా ఒకసారి డిప్రెషన్‌లోకి జారింది, లేచింది. ఇంటర్ చదివింది, ఆ తర్వాత డిగ్రీలో చేరింది.

స్వర్ణ రెండోసారి ఆస్పత్రిలో ఉన్నప్పుడే భిక్షం టైఫాయిడ్ మాట మానేశాడు. కంపెనీ క్యాంటీన్‌లో తోటి కార్మికుడు, బిడ్డకు టైఫాయిడ్ మళ్లీ తిరగబెట్టిందా అని అడిగాడట. వార్డులో తల్లి ముందు కూతురు అన్న మాటలు అప్పటికి ఆయన చెవిన పడ్డాయి. టైఫాయిడ్ కాదని, బైపోలార్ అని, అది మనసుకు వచ్చే జబ్బని, ఖమ్మంలో మందులు వాడుతున్నామని అందరూ వినేలా చెప్పాడట. ఆ బల్ల దగ్గర ఒకరిద్దరు ప్లేట్లు పట్టుకుని లేచిపోయారట. పోతే పోనీ అనుకుని అన్నం తిన్నానని నాతో చెప్పాడు.

ఆ తర్వాత ఒక గురువారం ఆయన షెడ్డు బయట నిలబడలేదు. ఒక భార్యాభర్తలను వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. ఆ భర్త భిక్షం సెక్షన్‌లోనే పనిచేసే మనిషట. అతని కొడుకును ఇంట్లోనే గదిలో పెట్టి తాళం వేస్తున్నారట. ఆ రోజు క్యాంటీన్‌లో మాట విన్నప్పటి నుంచి భిక్షం చుట్టూ తిరిగి, చివరికి నోరు విప్పాడట. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను వాళ్లకు జబ్బు గురించి చెప్పడానికి లేచాను.

ఈ ఉద్యోగంలో ఎన్నో కేసులు చూశాను. బాగుపడ్డవీ ఉన్నాయి, మా చెయ్యి దాటిపోయినవీ ఉన్నాయి. జబ్బు ఎందుకు వచ్చిందని అడిగే చుట్టాలకు జవాబు చెబుతూ కూర్చోనక్కర్లేదని ఈ ఒక్క కేసు నాకు నేర్పింది. పిల్ల మందుతో నిలబడుతుంది. తల్లిదండ్రులు నిలబడాలంటే పక్కన ఇంకో తల్లీ తండ్రీ కావాలి. ఆ తోడు ఏ షాపులోనూ దొరకదు, సిగ్గుపడే చోట అసలే దొరకదు.

చెప్పడానికి లేచిన నన్ను భిక్షం చేత్తోనే ఆపాడు. ఆ మనిషిని చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మీరు తర్వాత చెప్పుండ్రి సిస్టర్," అన్నాడు. "ముందుగాల నేను జెప్త."