అమ్మమ్మ పేరున్న చెంబు

మా మేనమామ పోయాడన్న కబురు తిరువళ్లూరు పక్కనున్న మణవాళనగర్ నుంచి, ఆయన పక్కింటావిడ ఫోన్‌లో వచ్చింది. తిరుత్తణిలో మా పూజ సామాన్ల షాపు అప్పుడే తెరిచాం. ఫోన్ నేనే తీశాను. "మీ మామ పొద్దున లేవలేదు నాయనా. డాక్టరొచ్చి చూసినాడు. గుండెంట," అందామె. కర్పూరం డబ్బాలు సర్దుతున్న అమ్మకు చెప్పాను. అమ్మ చేతిలో డబ్బా కింద పెట్టి, షట్టర్ దించమంది. రైలెక్కాం. తిరువళ్లూరులో దిగబోయే ముందు అంది: "ఆ దినం తమ్ముడికి పేపర్ కప్పులో నీళ్లిచ్చినాను రా."

ఆ పేపర్ కప్పుకు కారణం నేను. అది మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మామ చెన్నైలో ఒక పెద్ద హోటల్లో పనిచేసేవాడు. అతిథులకు వైన్ పోయడం, ఏ వంటకు ఏ వైన్ నప్పుతుందో చెప్పడం ఆయన పని. రోజూ లోకల్ ట్రెయిన్‌లో పోయి వచ్చేవాడు. అత్త పోయాక ఆ ప్రయాణంలోనే, కిటికీ పక్కన కూర్చుని, ఫోన్‌లో వైన్ మీద ఒక బ్లాగు రాయడం మొదలుపెట్టాడు. తెలుగులో రాసి, కింద నాలుగు ముక్కలు ఇంగ్లీషులో పెట్టేవాడు. పేరు పెట్టలేదు. ఇంట్లో హోటల్ పని అని తప్ప ఇంకేమీ చెప్పలేదు. మురుగన్ కొండ కింద విభూతి, పసుపు అమ్ముకునే ఇల్లు మాది. ఎలా చెబుతాడు?

ఇలా వైన్ గురించి రాసేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. ఒకరినొకరు చూసుకోరు, కానీ ఒకరి రాత ఒకరు వదలకుండా చదువుతారు. నెలకోసారి వాళ్లలో ఒకరు ఒక విషయం ఇస్తారు. అందరూ ఒకే రోజు దాని మీద రాస్తారు. ఇచ్చినవారు అన్నీ చదివి ఒకచోట చేరుస్తారు. మామ ఒక్క నెల కూడా తప్పలేదు. వాళ్లు స్ట్రాబెర్రీ, చెర్రీ అని రాసే చోట ఆయన నేరేడు పండు అని రాసేవాడు. మొదటి వాన పడిన ఎర్రమట్టి అని, అప్పుడే కడిగిన పలక అని రాసేవాడు. పోర్చుగల్ నుంచి ఒకావిడ నేరేడంటే ఏమిటని అడిగితే, పండు తిని, ఊదారంగు నాలుక బయటపెట్టి ఫోటో తీసి పంపాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదట నాకు కనబడింది చెంబు.

మందు మీద నాకు పగ ఉంది. ఇప్పటికీ ఉంది. బడిలో నా పక్కన కూర్చునేవాడి నాన్న మందు షాపు ముందు కాలవలో పడి చచ్చిపోయాడు. ఆ రోజు నుంచి దొరికిన ప్రతి కరపత్రమూ చదివాను, తర్వాత నేనే రాయడం మొదలుపెట్టాను. అన్నీ తమిళంలోనే. నాకు చదవడం, రాయడం బాగా వచ్చింది అందులోనే. ఒక నోటీసు కోసం ఫోన్‌లో మందు బొమ్మలు వెతుకుతుంటే ఒక ఫోటో వచ్చింది. సీసా, గ్లాసు, పక్కన ఎవర్‌సిల్వర్ స్టీలు చెంబు. చెంబు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు. ఆ పేరు చదవడానికి నాకు తెలుగు రానక్కర్లేదు. మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా ఉండేది అదే. మా అమ్మమ్మ పేరు. ఆ చెంబొక్కటే మామ వాటాకు వెళ్లింది.

నా ఒళ్లు మండిపోయింది. ఫోటో కింద అంత పొడుగు తెలుగు ఉంది. కూడబలుక్కునైనా ఒక్క పంక్తి చదవలేదు. ఫోటోను అలాగే నోటీసులో వేసి, పైన రాశాను: "గ్లాసు చాలదట, చెంబుతో తాగుతున్నారు చూడండి!" తిరువళ్లూరు స్టేషన్‌లో పంచాను. కొండకు కావళ్లు మోసుకొచ్చే ఆడి కృత్తిక జనంలో, మా షాపు వీధిలోనే పంచాను.

వైన్ గురించి రాసినవాడెవరో జనానికి తెలియదు. మా వాళ్లకు మాత్రం చెంబు తెలుసు.

తర్వాత మామ మా ఇంటికి వచ్చింది ఒక్కసారే. అమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది. పేపర్ కప్పులో నీళ్లిచ్చి, "ఆడే నిలబడుకోని తాగు," అని లోపలికి వెళ్లిపోయింది. ఆయన తాగి, కప్పు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను వీధి చివరికి పిలిచాడు. జేబులోంచి నా నోటీసు తీశాడు.

"ఇది నువ్వు రాసిందే కదరా?"

"ఆమా. నేనే. తప్పేముంది?"

"బాగా రాసినావు. వేగముంది. చెంబు సంగతొక్కటే తప్పు."

"చెంబు నీదే కదా మామా!"

"నాదే. అది తాగే చెంబు కాదు రా. ఉమ్మే చెంబు. రుచి చూసేవాళ్లు మింగరు. నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. నాలుక మీద నిలిచింది చాలు, గొంతు దిగే పనేముంది? నేను దినానికి పది రకాలు చూడాల. మింగితే రాత్రి ఇంటికి ట్రెయిన్ ఎక్కగలనా?"

నాకు నవ్వు రాలేదు. కోపమూ తగ్గలేదు. "ఉమ్మినా మింగినా మందు మందే. రాసేవాళ్లకు కంపెనీవాళ్లు ఊరికే సీసాలు పంపుతారంట కదా, అదేంది?" అన్నాను.

"ఊరికే వచ్చిన సీసాకి నోరు మెత్తబడతాది. అందుకే ఏది కొన్నానో, ఏది ఊరికే వచ్చిందో ప్రతిసారీ పైనే రాసినాను. నువ్వు చదవలేదు. సరి, పో. మళ్లా అచ్చేసేటప్పుడు దిద్దుకో. తెలీనిది తెలీదని రాయాల రా, అంతే."

దిద్దుతానన్నాను. ఆయన ఆ మాట నమ్మి వెళ్లిపోయాడు. నేను దిద్దలేదు. నాతో నోటీసులు పంచేవాళ్లు నవ్వుతారని, వచ్చే నెల, వచ్చే నెల అంటూ జరిపాను. ఆయన బ్లాగు ఆపేశాడు. నెలనెలా విషయం ఇచ్చేవాళ్లు ఆయన చివరి రాత కింద "యాడున్నావయ్యా" అన్నట్టు ఒక్కొక్కరూ ఒక్కో భాషలో అడుగుతూనే ఉన్నారు. ఆయన ఒక్కసారి జవాబిచ్చాడు: "ఇంట్లో కొంచెం పని."

కర్మ అయిన మరునాడు ఆ పేజీ తెరిచాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, మొదటి రాత నుంచి చివరి దాకా చదివాను. ఇప్పుడు నేను రాస్తున్న ఈ తెలుగు అక్కడ నేర్చుకున్నదే. మూడో రాతలోనే ఉంది, చెంబు సంగతి, ఉమ్మే పద్ధతి, అన్నీ. నేను తీసుకున్న ఫోటో ఉన్న రాతకైతే చివరి పంక్తి ఇది: "మా అమ్మ చెంబు. తప్పే, కానీ ఇంట్లో అమ్మ పేరున్నది ఇదొక్కటే."

కింద నేను ఆయన పోయిన కబురు రాశాను. నోటీసు సంగతీ రాశాను. ఆ నెల వాళ్లలో చాలామంది గ్లాసు పక్కన ఒక పాత్ర పెట్టి ఫోటో వేశారు. నేరేడు అడిగినావిడకు చెంబు దొరకలేదేమో, పూలకుండీ పెట్టింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

దిద్దిన నోటీసు అచ్చు వేశాను, పంచిన చోటే పంచాను. ఒకటి అమ్మకు చదివి వినిపించాను. ఇక ఇంట్లోకి మామ పరువు తిరిగి వస్తుందనుకున్నాను.

అమ్మ విని, నోటీసు నా చేతిలోంచి తీసుకుంది.

"అంతా ఉమ్మేసేవాడా?"

"అంతా అమ్మా. ఒక్క చుక్క మింగేవాడు కాదు."

"తాగినాడన్నా ఓర్చుకుందును. మాయమ్మ చెంబులో ఉమ్మడమేంది రా! వీడికి బుద్ధుండాదా!" అని గట్టిగా అరిచి, అప్పుడు, ఆయన పోయాక మొదటిసారి, ఏడ్చింది.

చెంబు మణవాళనగర్ నుంచి మా పెరట్లోకి వచ్చింది. ఎంగిలి చెంబు, అమ్మ దాన్ని వంటింట్లోకి తేదు. పారేయనివ్వదు. రోజూ తెల్లవారగానే బూడిద పెట్టి దాన్ని తోముతుంది. చుక్కల పేరు మీద బొటనవేలితో రెండుసార్లు రుద్ది, గోడ మీద బోర్లిస్తుంది. మర్నాడు పొద్దున, అంత శుభ్రంగా ఉన్నదాన్నే, మళ్లీ తీసి తోముతుంది.