అమ్మ నవ్వు పడిన కెమెరా

మొదటి డీఎస్ఎల్ఆర్ కొనే ముందు చదివినంతగా నేను డిగ్రీలో కూడా చదవలేదు. రెండు కెమెరాల మధ్య నెలల తరబడి ఊగిసలాట. ఇంటర్నెట్లో ఒకడు ఇది మంచిదంటాడు, ఇంకొకడు దాన్ని కొన్నవాడికి బుద్ధి లేదంటాడు. చివరికి ఒకటి ఖాయం చేసుకున్నాను. అసలు కోరిక మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ నవ్వుతుండగా ఒక్క ఫొటో కావాలి. దూరం నుంచి, చటుక్కున తీయగలిగేది కావాలనే ఆ యావంతా.

అమ్మ నవ్వదని కాదు. ఇరుగుపొరుగు పిన్నమ్మలు వచ్చి కూర్చుంటే ఆమె నవ్వు వీధి చివరిదాకా వినపడేది. కానీ నవ్వు వచ్చీ రాగానే కొంగు నోటికి అడ్డం వెళ్ళిపోయేది. ఆమె పుట్టింది నడికుడి పక్క పల్లెలో. అక్కడి బోరు నీళ్ళలోని ఫ్లోరైడుకి చిన్నప్పుడే పళ్ళు గారపట్టాయి. పెళ్లి ఫొటో మొదలుకొని అన్నింటిలోనూ పెదాలు బిగించుకుని, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టే ఉంటుంది.

నరసరావుపేటలో కెమెరాల కొట్టుకు నాన్న కూడా బయల్దేరాడు. గేదెను కొనాలన్నా ఇంటిల్లిపాదీ వెళ్ళి చూడాలనే మనిషి ఆయన. అమ్మను కూడా బస్సెక్కించాడు.

కొట్టతను రెండు కెమెరాలూ బల్ల మీద పెట్టాడు. నేను ఖాయం చేసుకున్నదాన్ని నాన్న అందుకున్నాడు. కళ్ళజోడు తీసి అమ్మకిచ్చి, చేత్తో బరువు చూసి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. లెన్సు మూత మాత్రం తియ్యలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెలుతురు కోసం గుమ్మం దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి కొట్టతనితో మహా గంభీరంగా, "ఇది పాడైపోయింది బాబూ, ఇందులో ఏం కనపడటంలా" అన్నాడు.

అమ్మ పగలబడి నవ్వింది. ఒక చేతిలో సంచీ, రెండో చేతిలో ఆ కళ్ళజోడు. కొంగు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నా చేతిలో రెండో కెమెరా ఉంది. నొక్కేశాను.

తెర మీద పళ్ళన్నీ కనపడుతున్నాయి, గారతో సహా. తీసెయ్యమంటుందనే అనుకున్నాను. ఆమె కెమెరాను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది.

"అచ్చం మా అమ్మే" అంది.

అమ్మమ్మకు ఒక్క ఫొటో కూడా లేదు. అమ్మకు పెళ్లి కాకముందే పోయింది. ఆవిడవీ అవే పళ్ళు, తాగిందీ అవే నీళ్ళు. ఆవిడ మాత్రం ఏనాడూ కొంగు అడ్డం పెట్టుకోలేదట. నేనెప్పుడూ చూడని మనిషిని ఆ కొట్లో నిలబడి చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చదివిందంతా గాలికొదిలేసి ఆ రెండో కెమెరానే కొన్నాను.

కొట్టతను కొత్త పెట్టె ఇచ్చి పంపాడు. బస్సు నకరికల్లు దాటాక గానీ నా బుర్రకు తట్టలేదు, ఫొటో కొట్లోని శాంపిల్ కెమెరాలోనే ఉండిపోయిందని. ఫొటో చూసి కెమెరా కొని, ఆ ఫొటోనే వదిలేసి వచ్చిన తెలివిగలదాన్ని. మర్నాడు ఫోను చేస్తే, రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు కార్డు చెరిపేస్తామని చెప్పాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. కెమెరాను చూస్తేనే ఒళ్ళు మండింది.

సాయంత్రం అమ్మ పెరట్లోకి పిలిచింది. కొంగు బిగించి నడుముకు దోపుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఏమే, దాన్ని పట్టుకురా. మీ నాన్న మూత సంగతి మళ్ళీ చెప్పు, నేను నవ్వుతా" అంది.

నేను చెప్పకముందే నవ్వడం మొదలుపెట్టింది. నేను నొక్కుతూనే ఉన్నాను. ప్రతి ఫొటోకీ ఆగి, తెర చూపించమని చెయ్యి చాపేది.

"ఇందులో వచ్చిందా మా అమ్మ?"