కడ్డీకి పోసిన నీళ్లు

ఆ సాయంత్రం కడ్డీ మొదట్లో చెంబుతో నీళ్లు పోస్తుంటే నా చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది. ఒంట్లో నీరసమేమో అనుకున్నాను.

మాది దమ్మపేట అవతల, అడవి అంచున చిన్న ఊరు. నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఆ ఏడు మా వీధి లైనులో, ఇంట్లోకొచ్చిన కరెంటు వెనక్కి పోయే న్యూట్రల్ తీగ దెబ్బతింది. లైన్‌మన్ కోసం చూసి చూసి విసిగి, అందరిలాగే మా ఆయన కూడా వాకిట్లో ఒక ఇనుప కడ్డీ పాతి, న్యూట్రల్‌కు బదులు ఇంటి తీగను దానికి చుట్టాడు. నేల ఎండితే బల్బు మసకబారేది. అందుకే దీపాల వేళకు ఇంటింటా ఆడవాళ్లం, తులసికి పోసినట్టు, కడ్డీకి చెంబెడు నీళ్లు పోసేవాళ్లం. దాంతో బల్బు తెల్లగా వెలిగేది.

చెయ్యి జివ్వుమన్న సంగతి మా ఆయనకు చెప్పాను. "అందరికీ గట్లనే ఉంటది. కాళ్లకు చెప్పులేసుకో" అన్నాడు. నేనూ సరేనన్నాను.

ఎండలు ముదిరాయి. పెళ్లివాళ్ల జాకెట్లు కుట్టి ఇస్త్రీ చేస్తున్నాను. పెట్టె వేడెక్కడం లేదు, బల్బు ఎర్రగా గుడ్డిగా ఉంది. స్విచ్ ఆపకుండానే చెంబు తీసుకుని వెళ్లి నీళ్లు పోశాను. చూస్తే చుట్టిన తీగ వదులైంది. తడి చేత్తో దాన్ని కడ్డీకి అదిమాను. అంతే, చెయ్యి అతుక్కుపోయింది. అరుద్దామంటే గొంతు రాలేదు. మా ఆయన పరుగున వెళ్లి ఫ్యూజు పీకాడట.

ఆటోలో దమ్మపేట దవాఖానాకు, అక్కణ్నుంచి ఖమ్మం తీసుకుపోయారు. కుడి చూపుడు వేలి మీద తెల్లటి మచ్చ, ఎడమ అరికాలిలో కరెంటు బయటికి పోయిన చోట చిన్న కన్నం. ఇంతేనా అనుకున్నాను. ఈసీజీ తీశారు. మూత్రం నల్లటి టీ రంగులో వచ్చిందని సెలైన్ల మీద సెలైన్లు ఎక్కించారు. "పైకి కనిపించేది కొంచమేనమ్మా. కరెంటు లోపల కండను కాలుస్తుంది" అన్నారు డాక్టరుగారు. నేను అడిగింది ఒక్కటే, మళ్లీ కత్తెర పట్టగలనా అని. చూద్దాం అన్నారు.

వేలు నల్లబడింది. ఆంప్యుటేషన్ అని దాన్ని తీసేశారు. తొడ మీద చర్మం తీసి అరచేతికి స్కిన్ గ్రాఫ్టింగ్ చేస్తే, ఇన్‌ఫెక్షన్ వచ్చి అది ఊడిపోయింది. మళ్లీ తీసి అతికించారు. ఆ మంట పగవాళ్లకు కూడా వద్దు.

వార్డులో ప్రతి మంచం దగ్గరా ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్లు. నా మంచం పక్కన స్టూలు ఖాళీ. మా ఆయన రాలేదని కాదు. రోజూ వరండాలోనే కూర్చునేవాడు. టిఫిన్ సిస్టర్ చేతికిచ్చి పంపేవాడు. డ్రెస్సింగ్ విప్పితే నా చెయ్యి చూడాల్సి వస్తుందని లోపలికి వచ్చేవాడు కాదు. ఆయన దగ్గు వినిపించేది. తలుపు వైపు చూస్తూ పడుకునేదాన్ని. ఏడుపొచ్చేది, ఎడమ చేత్తో తుడుచుకునేదాన్ని.

ఇంటికొచ్చేసరికి కడ్డీ లేదు, గుంత పూడ్చేసి ఉంది. ఇల్లంతా చీకటి. పక్కింటి సమ్మక్క చూడ్డానికి వచ్చి, "మీ ఆయన తీగ సరిగ్గ చుట్టలే, దాంతోనే వచ్చింది తంటా" అని వెళ్లి, వాళ్ల కడ్డీకి నీళ్లు పోసుకుంది. నా జాకెట్లన్నీ వేరే ఊరి టైలరుకు పోయాయి. మాట్లాడే మనిషి లేక పగలంతా వేళ్లకు పట్టు రావాలని దవాఖానాలో ఇచ్చిన ఫిజియోథెరపీ బంతి పిసుకుతూ కూర్చునేదాన్ని. మా ఆయన కూలికి పోయి వచ్చి, తిని, అటు తిరిగి పడుకునేవాడు. ఎన్నాళ్లో గట్లనే గడిచింది.

చివరికి ఆయనే లైన్‌మన్ వెంటపడి న్యూట్రల్ బాగు చేయించాడు. లైసెన్సున్న వైర్‌మన్‌ను పిలిపించి వైరింగంతా మార్పించాడు. బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగ్ గుంత తీయించాడు, షాకు తగిలితే టక్కున కరెంటు ఆపే ఈఎల్‌సీబీ పెట్టించాడు.

బల్బు వెలిగిన సాయంత్రం మిషన్ ముందు కూర్చున్నాను. చూపుడు వేలు లేని చేతికి దారం అందడం లేదు, జారిపోతోంది. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని, దారం తడి చేసి సూదిలోకి ఎక్కించాడు. మొదటిసారి నా చెయ్యి వైపు చూశాడు.

"కడ్డీ పాతింది నేనే గదా" అన్నాడు.

"నీళ్లు పోసింది నేను" అన్నాను.

ఇప్పుడు నడివేలితో కత్తెర పడుతున్నాను. రోజుకు ఒక జాకెట్టు అవుతుంది, అంతకు మించితే చెయ్యి లాగుతుంది. మా ఆయనకు ఇప్పటికీ మాటలు తక్కువే. కానీ పనికి పోయే ముందు మిషన్‌కు దారం ఎక్కించి పోతాడు. అది తెగితే సాయంత్రం దాకా ఊరికే కూర్చుంటాను.

చదివేవాళ్లకు చెప్పేది ఒక్కటే. మీ బల్బు మసకబారితే చెంబు ఎత్తకండి. మెయిన్ ఆపేసి, లైన్‌మన్ వచ్చేదాకా చీకట్లోనే కూర్చోండి. నేనూ చాలా రోజులు ఒక్కదాన్నే చీకట్లో కూర్చున్నాను. కష్టమే, కానీ కూర్చోవచ్చు.