కొయ్య సుత్తి మోగితే అన్నీ ఆగాలి

లాలాపేట నుంచి సైకిల్ మీద వస్తూ, తార్నాక చౌరస్తా దాటగానే ఆయాసమొచ్చి దిగి నడిచాను. ఒంట్లో ఏదో తేడా చేసిందని ఆ రోజే అర్థమైంది. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఇంజనీరింగ్ పిల్లలకు వడ్రంగం నేర్పుతాను. నాది పెద్ద గొంతు. ఎన్ని మిషన్లు తిరుగుతున్నా "ఆపు!" అని ఒక్క కేక వేస్తే షెడ్డంతా ఆగిపోయేది.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. దగ్గు మందు, మిరియాల కషాయం, రెండూ దండగే. చివరికి సికింద్రాబాద్‌లో ఛాతీ డాక్టర్ గొట్టంలోకి ఊదించి, ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేశారు.

"సెలవుల్ల ఎట్లుంటది?" అని అడిగారు.

నేను ఆలోచిస్తుండగానే నా భార్య పరిమళ అందుకుంది. "ఐతారం మంచిగనే ఉంటడు డాక్టర్ సాబ్. సోమారం షెడ్డుకు పోయొస్తే మళ్ల పిల్లికూతలే."

"గిది కట్టె పొట్టుతోని వచ్చిన ఆస్థమా. ఇన్‌హేలర్ రాస్తున్న. ఆ దుమ్ముల నిలవడొద్దు."

ఆ పని తప్ప నాకు ఇంకేమీ ఇష్టం లేదు. కొన్నాళ్లు సెలవు పెట్టి, మాస్క్ కట్టుకుని మళ్లీ చేరాను. ఒకరోజు పిల్లలకు వినపడటం లేదని మాస్క్ తీసి పాఠం చెబుతున్నాను. ఛాతీ పట్టేసింది. సరిగ్గా అప్పుడే, లేత్ మిషన్ మీద కర్ర చెక్కుతున్న సుజాత అనే విద్యార్థిని చున్నీ జారి, గిర్రున తిరుగుతున్న ఆ కర్ర వైపు వేలాడింది. "ఆపు" అనబోయాను. గొంతులోంచి ఈల తప్ప మాట రాలేదు. చేతికందిన కొయ్య సుత్తితో బల్ల బాదాను. సుజాత ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

మర్నాడే పద్ధతి మార్చాను. సుత్తి మోగితే అన్ని మిషన్లూ ఆగాలి, మాటలు తర్వాత. దాన్ని ఎవరైనా మోగించవచ్చు. చున్నీలు ముడేసుకోవాలి. పొట్టును నోటితో ఊదడం బంద్, తడిగుడ్డతో తుడవాలి. పట్టుబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కూడా పెట్టించాను.

"నంబర్లు మంచిగైనయి, గిట్లనే కానియ్. ఇన్‌హేలర్ మాత్రం బంద్ చెయ్యకు," అన్నారు డాక్టర్, కొన్నాళ్లకు మళ్లీ గొట్టంలోకి ఊదించి చూసి.

మీ దగ్గు సెలవుల్లో తగ్గి పనిరోజుల్లో పెరుగుతుంటే, డాక్టర్ అడిగేదాకా ఆగకండి. ఆ మాటే ముందు చెప్పండి.

మొన్న మరిచిపోయి మాస్క్ కిందికి లాగాను. ధన్‌మని సుత్తి మోగింది. షెడ్డంతా ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాను కంగారుగా.

సుత్తి ఇంకా సుజాత చేతిలోనే ఉంది. "మాకేం కాలే సార్. మీరు మాస్క్ పెట్టుకోండ్రి, మిషన్లు మళ్ల చాలూ చేస్తం."

పెట్టుకున్నాను. మిషన్లు తిరిగాయి.