ఎనుము తిన్న రొట్టెలు

ఈ రోజు పొద్దున నా మనవరాలు మొదటిసారి జొన్నరొట్టె తట్టింది. పదేళ్ల పిల్ల. పీట మీద పిండిముద్ద పెట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, అరచేత్తో చరిచి చరిచి, తీరా ఎత్తి పెనం మీద వేయబోయేసరికి అది మూడు ముక్కలయింది. ఒక ముక్క పొయ్యిలో పడింది, ఒకటి దాని పాదం మీద పడింది, మిగిలిన ఒక్కటే పెనం చేరింది. "జేజీ, నా చేతిలో రొట్టె ల్యా" అని పీట పక్కకు నెట్టేసింది. పొయ్యి ముందర కూర్చున్న నేనూ, చెనిక్కాయల చట్నీ నూరుతున్న మా కోడలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చేతిలో రొట్టె లేదన్న ఆ మాట ఆ పిల్లది కాదు. పదకొండేళ్ల కిందట ఈ వంటింట్లో నేను అన్నది. మాటలు పాత గిన్నెల మాదిరి ఇంట్లో ఎక్కడో ఒక మూల పడి ఉంటాయి కాబోలు, చేతికందినప్పుడు పిల్లలు తీసి వాడుకుంటారు.

మాది ఆలూరు దగ్గర పల్లె. వాన పడితే జొన్న, పడకపోతే ఆకాశం వైపు చూపు. మా వైపు ఆడదాని పనితనం రొట్టెలో చూస్తారు. కాగే నీళ్లు పిండిలో పోసి, చెయ్యి పట్టేంత వేడి ఉండగానే మణికట్టు బలమంతా పెట్టి పిసకాలి. ఆ తరువాత పీట మీద తిప్పుకుంటూ తట్టాలి. నా రొట్టె తమలపాకంత పలచగా ఉండేది. పెనం మీద పడి తడిగుడ్డ తగిలితే చాలు, గాలి నింపుకుని లేచేది. నాకు మా అమ్మ నేర్పింది. అయినా నేర్చుకున్నానని ఎప్పుడూ అనుకోలేదు, నా చేతిలోనే ఉందనుకునేదాన్ని. అట్లా అనుకోవడంలో ఒక సుఖం ఉంది. మన దగ్గర ఉన్నది ఇంకొకరికి లేనట్టే లెక్క.

మా కోడలిది రాయచోటి వైపు. వాళ్లది రాగిసంగటి నాడు. పెళ్లయిన నెలలో మా అక్క వచ్చినప్పుడు ఆ పిల్లను పీట ముందర కూర్చోబెట్టాను. మొదటి రొట్టె అంచులన్నీ పగిలి, నడుమకు రెండుగా చీలింది. "మీ ఊర్లో ముద్దలు జేస్తారు పాపా, ఈడ రొట్టెలు తట్టాల. నీ చేతిలో రొట్టె ల్యా, లెయ్" అన్నాను. అక్క నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల లేచి చెయ్యి కడుక్కుంది. ఆ రోజు నుంచి ఎనిమిదేళ్లు పీట నాదే. అన్నం ఆమె వండేది, కూరలు ఆమె చేసేది, రొట్టె దగ్గరికి మాత్రం రానిచ్చేదాన్ని కాదు. పిండి పాడవుతుందని అనేదాన్ని. అది అబద్ధం కాదు, కానీ మొత్తం నిజం కూడా కాదు.

పిండి విషయంలో నేను గట్టిదాన్ని. సబ్బు అరిగితే కొత్త సబ్బుకు అతికిస్తాను, అగ్గిపుల్ల ఆదా అవుతుందని పక్క పొయ్యి నుంచే నిప్పు అంటిస్తాను. పిండి డబ్బాలో పైన చదును చేసి, మూడు వేళ్లు అద్ది మూత పెట్టేదాన్ని, ఎవరైనా తీస్తే తెలిసిపోవాలని. ఒక ఏడు ఏమయిందో, నా వేళ్ల గుర్తులు ఉన్నట్టే ఉండేవి, పిండి మాత్రం అయిదు రోజులు ముందే అయిపోయేది. గుర్తు చెదరలేదు కాబట్టి ఇంట్లోవాళ్లు కారు. అయితే దొంగ పిండిమర భాయే అని తేల్చేశాను. నేరుగా పోయి, "ఏమప్పా, నా జొన్నలు నీ మర తింటాండాదా, నువ్వు తింటాండావా?" అని అడిగాను. "తూకం నీ కండ్ల ముందరే ఏస్తి కదక్కా" అన్నాడు పాపం. నేను వినలేదు. పక్క ఊరి మరకు మైలు దూరం డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచాను, పంతానికి. ఆ ఏడే మా ఎనుము పాలు ఎక్కువగా ఇచ్చింది. దాణాలో కలిపే చెనిక్కాయ చెక్క మంచిది దొరికిందని పదిమందికి చెప్పుకున్నాను.

మూడేళ్ల కిందట, తుంపర పడుతున్న పొద్దున, గుడ్డలుతికే బండ మీద కాలు జారింది. కుడిచెయ్యి కింద వేసి పడ్డాను. కర్నూలులో నలభై రోజులకని కట్టు వేసి పంపారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇంక కట్టు విప్పేదాకా అన్నమే గతి అనుకుంటూ మంచం మీద కూర్చున్నాను. వంటింట్లోంచి చప్పుడు. తట్టే చప్పుడు. నలభై ఏళ్లు నా చేతి కింద విన్న చప్పుడు ఇప్పుడు నా చేతిది కాదు. కోడలు కంచం తెచ్చి ముందర పెట్టింది. గుండ్రంగా, పొంగి, ఒక్క చీలిక లేని రొట్టె.

"ఎవురు నేర్పిరి నీకు?" అన్నాను.

"నువ్వే అత్తా."

"నేనెప్పుడు నేర్పిస్తి?"

"నువ్వు తట్టేటప్పుడు చూస్తాంటి. మధ్యాన్నం నువ్వు కునుకు తీసేటప్పుడు తట్టి చూస్తాంటి. ఏడాదాయె. 'నీకెందుకు రావమ్మా రొట్టెలు' అని మన పాప అడిగె, ఆ పొద్దు మొదలుపెడితి."

"చెడిపోయినవి ఏం జేస్తివి?"

"ఎనుము తినె."

"మరి పిండి మీద నా ఏళ్ల గుర్తులు?"

కోడలు తల దించుకుని తన మూడు వేళ్లు చూపించింది. పిండిమర భాయి మొహం నా కళ్ల ముందర కనపడింది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. బాగుందని మాత్రం అనలేదు. అప్పటికి నాకు ఆ మాట చేతకాదు.

కట్టు విప్పాక అసలు కష్టం మొదలయింది. మణికట్టు కట్టెలా బిగుసుకుపోయింది. జడ వేసుకోలేను, తడిగుడ్డ పిండలేను. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి, "రోజూ రబ్బరు బంతి పిసకాలవ్వా. పిసికితే చెయ్యి తిరుగుతుంది, లేకుంటే ఇంతే" అంది. బంతితో ఆడే వయసా నాది అని వచ్చేశాను. అరవై దాటిన చెయ్యి, దాని పని అయిపోయింది అనుకున్నాను. చిన్నప్పుడు మూడో తరగతిలో అయ్యవారు, ఈ పిల్లకు అక్షరం అంటదని మా నాయనతో చెప్తే, మరుసటి రోజు నుంచి నేను చేనికి పోయాను. ఆయన మాట నిజమో కాదో ఎవరమూ చూడలేదు. ఈ చేతి విషయంలోనూ అంతే, తీర్పు నేనే చెప్పేసుకుని పది రోజులు చీర చెంగులో చెయ్యి దాచుకుని కూర్చున్నాను.

పదకొండో రోజు కోడలు పిండి పళ్లెం తెచ్చి నా ముందర పెట్టింది.

"బంతి వద్దంటివి కదా. ఇది పిసుకు."

"ఈ చేతిలో ఇంక రొట్టె ల్యా పాపా."

"నా చేతిలో గూడా ల్యాకుండె కదత్తా" అని, ఎనుముకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయింది.

వెనక్కి తిరిగి చూడలేదు. చూసి నవ్వి ఉంటే పళ్లెం తోసేసేదాన్నేమో. పిసికాను. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మరునాడు మళ్లీ పిసికాను. నెల దాటాక తట్టడానికి కూర్చుంటే, తమలపాకు రొట్టెల మనిషినైన నాకు అంచులన్నీ పగిలాయి. "నీళ్లు ఇంకా కాగనీయత్తా", "కుడిచెయ్యి నొస్తే ఎడమచేత్తో తిప్పు" అని కోడలు చెప్తుంటే విన్నాను. వినడం పిసకడం కన్నా కష్టం. నేను చెడగొట్టిన రొట్టెలు కూడా ఎనుమే తిన్నది. అది మా ఇద్దరిలో ఎవరి రొట్టెకూ వంక పెట్టలేదు. పిండి తొందరగా అయిపోతుంటే డబ్బా ఎత్తుకుని పాత మరకే వెళ్లాను. "ఏమక్కా, దోవ తప్పి వచ్చినావా?" అన్నాడు భాయి. "తప్పు నాదేనప్పా. జొన్నలు తినింది మా ఎనుము" అన్నాను. ఆయనకేం అర్థమయిందో కానీ, స్టూలు తుడిచి కూర్చోమన్నాడు.

ఎండలు ముదిరే నాటికి ఒక రొట్టె చీలకుండా పెనం మీదికి చేరింది. ఒక వైపు మందంగా ఉన్నా, పొంగింది. ఈ నాటికీ నా మణికట్టు ముప్పావు వంతే తిరుగుతుంది, రొట్టె పాత పలచన రాదు. నాకేం లోటు లేదు. ఇప్పుడు పీట ముందర ఇద్దరం కూర్చుంటాం, వంట అరగంట ముందే అయిపోతుంది. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది నా నోటికి మంచిమాట. మొదటిసారి "బాగుండాది రొట్టె" అన్నప్పుడు మా కోడలు కంగారుపడి, "ఒంట్లో బాగలేదా అత్తా?" అని నుదురు తాకి చూసింది.

పొద్దున మనవరాలి పీటను మళ్లీ దాని ముందరికి జరిపాను. "ఇంట్లో ఎవురి చేతిలోనూ ల్యాకుండె మే. మీ అమ్మ చేతికి ఏడాదికి వచ్చె. నా చేతికి రెండుసార్లు వచ్చె. ఇంకో ముద్ద తీసుకో" అన్నాను. ముక్కలేరి ఎనుము ముందర వేసి వచ్చాను. ఇది రాస్తున్నది కూడా ఆ విరిగిన చేత్తోనే. మనవరాలి పలక మీద దిద్దుకున్న అక్షరాలు వంకరగా వస్తున్నాయి, అయినా వస్తున్నాయి కదా. గడిచిన కాలాన్ని గురించి నాకు పెద్ద దిగులేమీ లేదు. మా కోడలు దొంగచాటుగా రొట్టె తట్టిన ఆ ఏడాదిలో ఒక్క మధ్యాహ్నమైనా కునుకు మాని, లేచి వంటింట్లోకి తొంగి చూసి ఉంటే బాగుండేదని మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తుంది.