నవ్వితేనే కొండ మీదికి

ఇప్పుడు కొండ కింది గేటు దగ్గర జ్వరం చూడ్డానికి నుదుటికి గురిపెట్టే చిన్న యంత్రం ఉంది. అది కీచుమనగానే మనిషి లోపలికి వెళ్తాడు. వయసు పైబడినవాళ్లు మాత్రం పక్కనున్న పాత ఆరోగ్యకేంద్రం కిటికీ వైపు ఓసారి చూసి, తమలో తామే నవ్వుకుంటారు. ఒకప్పుడు కొండ మీదికి వెళ్లాలంటే ఆ కిటికీ ముందు నవ్వి తీరాలి.

కిటికీ వెనక కూర్చునేది నర్సక్క. కొండ మీద తోకలేని పెద్ద కోతుల గుంపు ఉండేది. వాటిని చూడ్డానికి వచ్చే జనం వల్లే ఊళ్లో సగం పొయ్యిలు వెలిగేవి. చిక్కల్లా, మనిషి దగ్గు వాటికీ అంటుకుంటుంది. మనకు నాలుగు రోజుల్లో వదిలేది ఆ గుంపునే ఊడ్చుకుపోగలదు. అందుకని కొండెక్కి కోతుల జాడ తీసే పనివాళ్లను రోజూ పొద్దున్నే చూసి పంపడం ఆమె పని.

మొదట్లో "దగ్గుందా?" అని అడిగేది. కూలి పోతుందని అందరూ లేదనేవాళ్లు. నోట్లో లవంగం పెట్టుకుని గుటకలు మింగేవాళ్లు. ఒకనాడు వరసలో ఎవరో పరాచికమాడితే, అప్పటిదాకా రాయిలా నిలబడ్డ మనిషి పకపకా నవ్వి, ఆ వెంటనే ఊపిరాడకుండా దగ్గాడు. దగ్గును నొక్కిపట్టొచ్చు, నవ్వు వెనకాల వచ్చే దగ్గును ఆపడం ఎవరి తరమూ కాదని ఆమెకు అర్థమైంది. పై అధికారితో పోట్లాడి, దగ్గు వల్ల ఆగిపోయిన వాళ్లకు నారుమడిలో అదే కూలికి పని ఇప్పించింది. ఆ తర్వాత రోజుకో నవ్వు కథ మొదలుపెట్టింది. దర్జీ పని చేసే ఆమె భర్తే అన్నిటికీ బలి.

"మా ఆయన నిన్న కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికాడు," అందొక పొద్దున. "జోడు లేకుండా ఎలా కనబడుతుందని, ముందు అది పెట్టుకుని, తర్వాత వెతికాడు."

వరసంతా గొల్లుమంది. ఒక్కడు నవ్వలేదు. ఆమె అక్క మొగుడు. అతను నవ్వితే వీధి చివరికి వినబడేది.

"ఏంటి బావా, మూతి కుట్టేశారా?"

"ఈ కథ నిన్ననే విన్నాను."

"నిన్న నాకు సెలవు."

"వదిలెయ్యక్కా, ఆయన పెళ్లిలోనే నవ్వలేదు," అన్నాడు జీపు డ్రైవర్.

"ఎందుకు నవ్వలేదు? మా అక్క బెదిరిపోయేలా నవ్వాడు. బావా, ఇవాళ నువ్వు నారుమడికి."

అతను కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "కూలి కోసం కాదే. గుంపులో ముసలి కోతి ఇవాళో రేపో ఈనుతుంది. పోయిన రెండు కాన్పులూ దక్కలేదు. అది పిల్లగా ఉన్నప్పట్నించీ దాని వెనకే తిరిగాను. దూరం నుంచి ఒక్కసారి చూసొస్తాను."

"అంత ఇష్టమైతే వెళ్లకు."

"నువ్వెప్పుడైనా కొండెక్కావా? వాటి మొహం చూసినదానివైతే ఇలా ఆపవు."

ఆమె చిన్న మూత డబ్బా ఒకటి ఊచల్లోంచి జరిపింది. "రేపు లేవగానే కఫం ఇందులో పట్టుకురా."

ఆ డబ్బా చూడగానే, అంతసేపూ బిగబట్టిన దగ్గు అతన్ని వంచేసింది.

క్షయ అని తేలింది. ఇంట్లో అందరికీ పరీక్ష చేస్తే అతని చిన్న కూతురికీ సోకిందని బయటపడింది. తొలిదశ కాబట్టి మందులకు లొంగింది. ముసలి కోతి ఆ వారంలోనే ఈనింది, గుంపులో దేనికీ ఏమీ కాలేదు. బావ మాత్రం ఆరునెలలూ కిటికీ దగ్గర మాత్రలు మింగి, గ్లాసు ఠక్కున పెట్టి, మాట లేకుండా వెళ్లిపోయేవాడు. అక్క కూడా ముభావంగానే ఉండేది. నర్సక్కకు అది ముల్లులా గుచ్చుకునేది. అయినా మర్నాడు మళ్లీ మాత్రలు లెక్కపెట్టి ఉంచేది.

రోగం పూర్తిగా తగ్గిందని తేలాక అతను కొండెక్కాడు. సాయంత్రం తిన్నగా కిటికీ దగ్గరికే వచ్చాడు.

"ముసలిదాని పిల్లెలా ఉంది?" అడిగిందామె.

అతను తన చొక్కా గుండెల దగ్గర రెండు పిడికిళ్లతో పట్టుకున్నాడు. "తల్లి బొచ్చు ఇలా పట్టుకుంది. అది చెట్టెక్కినా వదల్లేదు. ఒకసారి నువ్వూ రా మరదలా."

"పొద్దున్నించీ ఎంతమంది నా మొహమ్మీద దగ్గారో. నన్నెవరు పంపిస్తారు బావా?"

అతను అరుగు మీది బల్లను కిటికీకి దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.

"అయితే విను. వాగు దాటాక మొదట దాని చెయ్యి కనబడింది..."

కిటికీ తలుపు మూయబోతున్న ఆమె, మళ్లీ కుర్చీలో కూర్చుంది.